బ్యాటరీల పుట్టిల్లు

ఇన్వర్టరు బిగించడానికి వచ్చినాయన పని ముగించి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "ఇంక మీరు దీని జోలికి రానక్కర్లేదండీ. మూడేళ్ళు హాయిగా మర్చిపోవచ్చు" అన్నాడు.

నాగమల్లేశ్వరి బ్యాటరీ వంక ఒకసారి చూసి, "గ్రావిటీ ఎంతుంది?" అని అడిగింది.

ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. అరవయ్యేళ్ళావిడ, పెడన నేతచీర కట్టుకుని, ఓ చేత్తో కాఫీ గ్లాసు పట్టుకుని, బ్యాటరీలో యాసిడ్ చిక్కదనం ఎంతుందని అడుగుతుందని ఆయన అనుకోలేదు. "పన్నెండు వందల యాభై ఉంటుందండీ" అన్నాడు తడబడి.

"ఉంటుందా? చూశారా?"

చూడలేదు. ఆయన సంచి వెతికి గాజుగొట్టం తీసి, మూత విప్పి చూసేదాకా ఆవిడ వదల్లేదు. లోపలి తేలుడుబుడ్డి పన్నెండు వందల పది దగ్గరే ఆగింది. "తీసుకెళ్ళి చార్జింగు ఎక్కించి తీసుకురండి. ఆకలితో ఉన్న పిల్లని ఎవరన్నా అత్తారింటికి పంపిస్తారా?" అందావిడ.

ఆ మాట ఆవిడ సొంతం కాదు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక బ్యాటరీల కొట్టు నడిపిన హుమాయూన్‌ది. ఇన్వర్టరాయన గొణుక్కుంటూ బ్యాటరీ మోసుకుపోయాక నాగమల్లేశ్వరి కుర్చీలో కూర్చుని కాసేపు నవ్వుకుంది. తర్వాత పమిటతో కళ్ళు తుడుచుకుంది. వెంకటప్పయ్య పోయిన ఈ రెండేళ్ళలో ఆ రెండు పనులూ వెంటవెంటనే జరగడం ఆవిడకి మామూలైపోయింది.

వెంకటప్పయ్య ఆవిడ భర్త. పుట్టింది పెడనలో, నేతపని చేసే ఇంట్లో. అయితే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే చాలు, ఊరంతా తనని వదిలేసి తిరునాళ్ళకి పోతున్నట్టు ఆయనకి అనిపించేది. ఒక్కగానొక్క కూతురు మాధురిని బందరు అబ్బాయికిచ్చి పెళ్ళి చేసిన మరుసటేడు, ఎనభై ఆరులో, పాత మెటాడోర్ వ్యాను ఒకటి కొన్నాడు. ఆటోనగర్‌లో మూడు నెలలు పడిగాపులు పడి దానికి కొత్త బాడీ కట్టించాడు. లోపల రెండువైపులా చీరలకి చెక్క అరలు. డ్రైవరు సీటు వెనక మడతమంచం. దాని కింద వంటసామాన్ల పెట్టె, కిరసనాయిలు స్టవ్వు. పక్కతలుపు పైకెత్తి కర్ర పెడితే అదే పందిరి, ఆ పందిరి కిందే కొట్టు.

ఇల్లంటే భవానీపురంలో రెండు గదులు, పక్కన కాస్త ఖాళీ స్థలం ఉండేవి. ఉండటానికి ఉండేవి గానీ, దసరా మొదలు జ్యేష్ఠమాసం దాకా వాళ్ళిద్దరి కాపురం మెటాడోర్‌లోనే. ఉయ్యూరు, మొవ్వ, కూచిపూడి, చల్లపల్లి, అవనిగడ్డ, అక్కణ్ణుంచి నాగాయలంక. పొద్దుటే ఏదో ఒక చేతిపంపు దగ్గర బండి ఆపుకోవడం, స్నానాలు, రెండు పూటలకీ కలిపి ఒక వంట. సాయంత్రం పందిరి కింద రెండు ట్యూబులైట్లు వెలిగేవి. చిన్న ఫ్యాను తిరిగేది, టేపురికార్డరు పాడేది. చీర అంచు వెలుతురులో చూసుకోవాలని ఊళ్ళో ఆడవాళ్ళు ఎగబడేవాళ్ళు. కరెంటు పోయి ఊరంతా చీకట్లో ఉన్నా వెంకటప్పయ్య బండి మాత్రం పెళ్ళిపందిరిలా వెలిగిపోయేది. "కరెంటాఫీసు మా మంచం కిందే ఉందమ్మా" అని ఆయన గొప్పలు పోయేవాడు.

మంచం కింద ఉన్నవి రెండు బ్యాటరీలు. పెద్దది ఇంజనుకి, చిన్నది దీపాలకీ ఫ్యానుకీ. బండి నడుస్తుంటే రెండూ వాటంతటవే నిండేవి.

వ్యానులో ఎడంపక్క సీటు నాగమల్లేశ్వరిది. కృష్ణా జిల్లా దిగువన రోడ్డన్నాక పక్కన కాలవ ఉండక తప్పదు. ఆవిడకి కాలవంటే భయం. మలుపు వచ్చిందంటే చాలు, సీటు ముందున్న కమ్మీని రెండు చేతులా పట్టుకుని, "కాలవండీ, కాలవ!" అని అరిచేది. ఆయన నవ్వేవాడు. "కాలవ కాదే, నీళ్ళు. నీళ్ళు మననేం చేస్తాయి?" అనేవాడు. రోజుకి ఎన్ని మలుపులో అన్ని అరుపులు, అన్ని నవ్వులు. పదకొండేళ్ళలో ఒక్క మలుపు దగ్గర కూడా ఆవిడ మానలేదు, ఆయనా మానలేదు.

ఆషాఢం వస్తే బండి ఇంటిపక్క ఖాళీ స్థలంలోకి చేరేది. వానలు, నాట్లు, ఊళ్ళల్లో ఎవరికీ తీరిక ఉండదు. దసరా దాకా మూడు నెలల పైచిలుకు బండికి విశ్రాంతే. మొదటేడు అలా వదిలేస్తే దసరాకల్లా రెండు బ్యాటరీలూ చచ్చి కూర్చున్నాయి. హుమాయూన్ తిట్టాడు. "నిలబెట్టిన బండిలో బ్యాటరీని వదిలేస్తారా వెంకటప్పయ్యగారూ? పని లేకపోయినా దానికి తిండి కావాల. నాకు పంపించండి, నే చూసుకుంటా" అన్నాడు. రెండో ఏటి నుంచి ఆషాఢం రాగానే ఆయనే వచ్చి బ్యాటరీలు విప్పుకుని తీసుకెళ్ళేవాడు. సిమెంటు నేల మీద కాకుండా చెక్కబల్ల మీద పెట్టి, పదిహేను రోజులకోసారి నిదానంగా చార్జింగు ఎక్కించి, డిస్టిల్ వాటర్ పోసి, టెర్మినళ్ళకి వాజిలిన్ రాసి ఉంచేవాడు. కొత్త కోడళ్ళు ఆషాఢంలో పుట్టింటికి వెళ్ళినట్టు మా బ్యాటరీలూ వెళ్ళాయని వెంకటప్పయ్య ఊరంతా చెప్పుకునేవాడు. హుమాయూన్ కూడా ఆ వరసే ఖాయం చేసుకున్నాడు. దసరా ముందు రిక్షాలో తెచ్చి దించుతూ, "మీ పెద్దమ్మాయి, మీ చిన్నమ్మాయి. కడుపు నిండా తిని వచ్చారు, చూసుకోండి" అనేవాడు.

తొంభై ఏడు ఉగాది వెళ్ళిన పదో రోజున, చీరలు తేవడానికి ఇంటికొచ్చిన వెంకటప్పయ్య పొద్దుటే పళ్ళు తోముకుంటూ పెరట్లో పడిపోయాడు. పక్షవాతం. కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి, మాట పోయింది. ఎంత ప్రయత్నించినా నోట్లోంచి "బా" అనే ఒక్క అక్షరమే వచ్చేది. నీళ్ళు కావాలన్నా బా, కోపమొచ్చినా బా. రోజంతా మాట్లాడి చీరలమ్మిన మనిషికి ఆ ఒక్క అక్షరంతో బతకడం అవమానంగా తోచి, నెల తిరిగేసరికి అదీ మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాళ్ళూ చేతులూ ఆడించడానికి రోజూ పొద్దున శౌరమ్మ వచ్చేది. పెద్దాసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి, మొండి మనుషుల్ని చాలామందిని చూసింది. ఈయన మొండితనం ముందు మాత్రం ఆవిడ కూడా చేతులెత్తేసింది. "నేను ఆడించినన్నాళ్ళూ ఆడతాయమ్మా. ఆయనకే బుద్ధి పుట్టాల. పుట్టకపోతే ఇంతే" అని మొహం మీదే చెప్పేసింది.

ఆషాఢం మొదటి వారంలో హుమాయూన్ బ్యాటరీల కోసం వచ్చాడు. విప్పేముందు ఒకసారి ఇంజను స్టార్ట్ చేసి చూడటం ఆయన అలవాటు. బండి మూడు నెలలుగా కదల్లేదు. నాలుగుసార్లు దగ్గి, అయిదోసారి అందుకుంది. కిటికీ బయటే బండి. ఆ చప్పుడుకి గదిలో మంచం కోళ్ళు అదిరాయి.

"నాగమల్లేశ్వరమ్మా! ఇటు రా తల్లీ!" అని శౌరమ్మ కేకేసింది.

పరిగెత్తుకుంటూ వచ్చిన నాగమల్లేశ్వరికి శౌరమ్మ వేలితో చూపించింది. వెంకటప్పయ్య కుడికాలి బొటనవేలు కిందికి ఒత్తుతోంది, వదులుతోంది. మళ్ళీ ఒత్తుతోంది. కళ్ళు మాత్రం గోడ మీదే ఉన్నాయి.

"యాక్సిలరేటరు" అంది నాగమల్లేశ్వరి.

ఆమె బయటికొచ్చేసరికి హుమాయూన్ ఇంజను ఆపి పానా తీస్తున్నాడు. "విప్పకండి భాయ్. ఈ ఏడు మీ అమ్మాయిలు పుట్టింటికి రారు" అంది.

ఆ మర్నాటి నుంచి పొద్దున ఏడింటికి, శౌరమ్మ రాగానే, నాగమల్లేశ్వరి బండెక్కి తాళం తిప్పేది. ఎలా తిప్పాలో హుమాయూనే చూపించాడు. అయిదు నిమిషాలు ఇంజను నడిచేది. ఆ అయిదు నిమిషాలూ వెంకటప్పయ్య కాలు శౌరమ్మ చెప్పినట్టు వినేది. బొటనవేలు అయింది, తర్వాత పాదం, తర్వాత మడమ. చప్పుడు ఆగితే మనిషి మళ్ళీ గోడవైపే. అయినా ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. నాగమల్లేశ్వరికి అంతకన్నా ఏం కావాలి?

పదకొండో రోజున తాళం తిప్పితే 'టక్' మని ఆగిపోయింది. ఎన్నిసార్లు తిప్పినా టక్కే. గదిలోకి వచ్చేసరికి ఆయన దుప్పటి ముసుగు పెట్టేశాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు, కాలు ముట్టనివ్వలేదు. సాయంత్రానికల్లా హుమాయూన్ పెద్ద బ్యాటరీ తీసుకెళ్ళి, రెండ్రోజులు చార్జింగులో ఉంచి తెచ్చాడు. ఆ రెండ్రోజుల్లో పాదం మళ్ళీ బిగుసుకుపోయింది. తెచ్చాక పది రోజులు బాగానే ఉంది. మళ్ళీ టక్.

ఈసారి హుమాయూన్ బండిలో కూర్చుని వైర్లన్నీ ఒక్కొక్కటే తడిమాడు. చివరికి స్టీరింగు ముందున్న కనకదుర్గమ్మ పటం దగ్గర ఆయన చెయ్యి ఆగింది. పటం కింద చిన్న ఎర్రబల్బు వెలుగుతోంది. బండికి పూజ చేయించిన రోజున వెంకటప్పయ్యే పెట్టించాడు. తాళం తీసినా ఆరకూడదని పెద్ద బ్యాటరీకి నేరుగా కలిపించాడు. హుమాయూన్ ఆ బల్బు వంక, ఇంటివైపు, మళ్ళీ బల్బు వంక చూశాడు. గడ్డం గోక్కున్నాడు. "ఏదో చిన్న లీకేజీ ఉందమ్మగారూ. రేపు సాలేహాని పంపిస్తాలెండి" అని వెళ్ళిపోయాడు.

వైరింగు చూడటానికి పెళ్ళాన్ని పంపడమేమిటో నాగమల్లేశ్వరికి అర్థం కాలేదు. మర్నాడు సాలేహా వచ్చింది. టీ తాగింది. వానల గురించి మాట్లాడింది, మాధురి పిల్లల గురించి అడిగింది. గ్లాసు కడిగి బోర్లించి, ఇంక దాటెయ్యడానికి ఏమీ మిగలక, "అక్కా, కోప్పడొద్దు. మా ఆయనకి చెప్పడానికి భయం. ఆ ఎర్ర దీపం ఉందే, అమ్మవారిది. అది పగలూ రాత్రీ తాగేస్తోందంట. నిలబెట్టిన బండికి అది కూడా బరువేనంట" అంది.

నాగమల్లేశ్వరి నోరు తెరిచింది. పదకొండేళ్ళుగా కళ్ళెదురుగా వెలుగుతున్న దాన్ని ఆవిడ దీపం అనుకుంది తప్ప కరెంటు తినే బల్బని ఏనాడూ అనుకోలేదు. ఆ ఇంట్లో ఎవరూ అనుకోరు. తర్వాత ఆలోచన వచ్చింది. ఏటా ఆషాఢంలో బ్యాటరీలు వెళ్ళిపోతే ఆ దీపం మూడు నెలల పైనే ఆరి ఉండేదిగా? ఎవరూ చూడనూలేదు, అమ్మవారు ఏమీ అననూలేదు.

"ఈ ముక్క చెప్పడానికి నిన్ను పంపాడా మీ ఆయన? పిరికిమనిషి!" అని నవ్వింది. ఆ సాయంత్రమే పటం ముందు నిలబడి దణ్ణం పెట్టుకుంది. "తల్లీ, నీ దీపం ఇంట్లో నూనెతో పెడతాను. ఆయన కాలు నిలబెట్టు చాలు" అంది. హుమాయూన్ బల్బు తీసెయ్యలేదు. దానికో స్విచ్చి పెట్టాడు. "బండి నడిచినప్పుడు వేసుకోండి. ఆగినప్పుడు అమ్మవారికీ రెస్టు" అన్నాడు. ఈసారి ఆయనే చెప్పాడు, ధైర్యంగా.

బ్యాటరీ మళ్ళీ నింపి తెచ్చాక బండి పద్దెనిమిది రోజులు పలికింది. పంతొమ్మిదో రోజున మళ్ళీ టక్.

హుమాయూన్ బ్యాటరీ ఆరు గదుల మూతలూ విప్పి గాజుగొట్టం పెట్టి చూశాడు. పదకొండు వందల అరవై. "రోజూ ఎంతసేపు నడుపుతున్నారు?"

"అయిదు నిమిషాలు. మీరే చూశారుగా."

హుమాయూన్ నెత్తి కొట్టుకున్నాడు. "తప్పు నాది. ముందే చెప్పాల్సింది. స్టార్ట్ చేసేప్పుడు ఒక్క గుక్కలో బోలెడు లాగేసుద్దమ్మగారూ. అది మళ్ళీ నిండాలంటే బండి రోడ్డు మీద ముప్పావుగంటన్నా పరిగెత్తాల. నిలబెట్టి అయిదు నిమిషాలు గుర్రుమనిపిస్తే ఏమొచ్చుద్ది? రోజూ విస్తరి ముందు కూర్చోబెట్టి, రెండు మెతుకులు పెట్టి లేపేస్తున్నారు."

"అయితే మానెయ్యనా? మానేస్తే ఆయన కాలు?"

హుమాయూన్ మూతలు ఒక్కొక్కటే బిగిస్తూ ఆలోచించాడు. ఇంట్లోనే చార్జరు పెట్టుకోవచ్చు. పెట్టినా కరెంటు కోతలు. పైగా బ్యాటరీ నిలిచినా బండి నిలవదు. టైర్లు ఒకేచోట నొక్కుకుపోతాయి, ఇంజను బిగుసుకుపోతుంది. "బండి నడవాల్సిందే. డ్రైవర్ని చూడమంటారా? వారానికి మూడుసార్లు తిప్పుకొస్తాడు" అన్నాడు. బందరు నుంచి ఫోనులో మాధురి, అమ్మేద్దామమ్మా, నాన్న ఇంక నడపలేడుగా అంది. రెండు మాటలూ నాగమల్లేశ్వరికి నచ్చలేదు. కొత్త మనిషి గేరు మారిస్తే ఆ చప్పుడు ఆయన చెవిన పడుతుంది. ఆ సీట్లో మరొకడు కూర్చున్నాడని తెలుస్తుంది. అలా తెలిసిన రోజున ఆ బొటనవేలు మళ్ళీ కదలదని ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"భాయ్, నాకు నేర్పండి" అంది.

ఆదివారం ఆటోనగర్‌కి సెలవు. లారీలు లేని రోడ్లు ఖాళీగా, నల్లగా, ఆయిలు మరకలతో పడుంటాయి. హుమాయూన్‌కి బ్యాటరీలు మోసే పాత మెటాడోర్ ఒకటుంది. స్టీరింగు దగ్గర నాగమల్లేశ్వరి, పక్కన హుమాయూన్, వెనక ఖాళీ బ్యాటరీ డబ్బాల మధ్య సాలేహా. యాభై ఏళ్ళ ఆడమనిషి వ్యాను నడుపుతుంటే చూడటానికి వాచ్‌మన్లు టీ గ్లాసులతో బయటికొచ్చి నిలబడ్డారు. చూడనీ అనుకుంది. క్లచ్చి వదలడం, యాక్సిలరేటరు తొక్కడం మూడో ఆదివారానికే పట్టుబడ్డాయి. హుమాయూన్ ఆశ్చర్యపోయాడు. ఆవిడ పెళ్ళికి ముందు ఎనిమిదేళ్ళు మగ్గం తొక్కిన మనిషి. ఒక కాలు లేస్తుంటే ఒక కాలు దిగడం, చెయ్యి మరో పని చేస్తూ ఉండటం ఆవిడకి చిన్నప్పుడే వచ్చిన విద్య. "నేర్చుకోడానికి మావాడికి ఆరు నెలలు పట్టిందక్కా" అని వెనక నుంచి సాలేహా అరిచింది. మావాడు అంటే హుమాయూనే.

ఎల్లెల్లార్, అంటే నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు, చేతికొచ్చింది. వినాయకచవితి వెళ్ళిన గురువారం ముహూర్తం పెట్టుకున్నారు. భర్తకి మాత్రం ఆవిడ చెప్పలేదు. వద్దంటాడని కాదు. వద్దనడానికి కూడా మాట లేని మనిషి ముందు నిలబడి, నీ బండి నేను నడపబోతున్నానని చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. అక్కడే పొరపాటు చేసింది.

ఏడింటికి శౌరమ్మ వచ్చింది. నాగమల్లేశ్వరి తాళం తిప్పింది. అమ్మవారి స్విచ్చి వేసింది. పక్క సీట్లో హుమాయూన్ కూర్చున్నాడు. వ్యాను స్థలం దాటి, సందు దాటి, పెద్దరోడ్డెక్కింది. విద్యాధరపురం దాకా వెళ్ళి, గొల్లపూడి వైపు తిరిగి, అటునుంచి ఇంటికి. మొత్తం యాభై నిమిషాలు. ఒక్కసారి కూడా ఇంజను ఆగలేదు. తిరిగొస్తూ ఆవిడకి పాడాలనిపించింది. నిజంగానే కాసేపు కూనిరాగం తీసింది.

సందు మొదట్లోనే శౌరమ్మ ఎదురొచ్చింది, రెండు చేతులూ ఊపుతూ.

వెంకటప్పయ్య వీధిగుమ్మంలో నేల మీద ఉన్నాడు. బండి చప్పుడు మొదలైనప్పుడు కాలు ఆడించాడట. చప్పుడు కదిలి, దూరమై, మాయమైపోయేసరికి మంచం మీంచి జారి, ఎడంచేత్తో నేల పట్టుకుని, అడ్డుపడిన శౌరమ్మని తోసేసి గుమ్మం దాకా ఈడ్చుకొచ్చాడట. మోచెయ్యి దోక్కుపోయి రక్తం కారుతోంది. అమ్మేశారనుకున్నాడు. తనకి చెప్పకుండా, తను మంచంలో ఉండగానే, ఎవడో వచ్చి తోలుకుపోయాడనుకున్నాడు.

బండి ఆగింది. ముందు ఎడమవైపు నుంచి హుమాయూన్ దిగాడు. వెంకటప్పయ్య చూపు ఆయన్ని దాటి కుడితలుపు దగ్గరికి పోయింది. ఎవడు దిగుతాడా అని. నాగమల్లేశ్వరి దిగింది. చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ, చేతిలో తాళంతో.

ఆయన చాలాసేపు చూశాడు. ఆవిడ వచ్చి పక్కనే నేల మీద కూలబడింది. "అమ్మలేదండీ. నా మీద ఒట్టు. బ్యాటరీ దిగిపోతోందని తిప్పుకొచ్చాను. చెప్పాల్సింది, చెప్పలేకపోయాను" అని ఏడ్చింది. ఆయన కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. అది కోపమో, సంతోషమో, సిగ్గో ఆవిడ ఆ రోజూ తేల్చుకోలేకపోయింది, ఇప్పటికీ తేల్చుకోలేదు. కాసేపటికి ఎడంచెయ్యి ఎత్తి బండిలో ఎడంపక్క సీటు వైపు చూపించాడు. నాలుగు నెలల తర్వాత మొదటిసారి నోరు విప్పాడు. "బా" అన్నాడు గట్టిగా.

మర్నాడు హుమాయూన్, శౌరమ్మ కలిసి ఆయన్ని ఎత్తి ఆ సీట్లో కూర్చోబెట్టారు. జారకుండా పాత పంచెతో నడుం చుట్టూ సీటుకి కట్టారు. హుమాయూన్, శౌరమ్మ వెనక చీరల అరల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. ఈ పూట బ్యారేజీ దాటుదామని నాగమల్లేశ్వరి అనుకుంది. ఆయనకి కృష్ణ చూపించాలని ఆవిడ కోరిక. గేట్లు కొన్ని ఎత్తారు, ఎర్రనీళ్ళు పొర్లుతున్నాయి. ఆయన నీళ్ళవైపు చూడనే లేదు. ఆవిడ ఎడంచేతి వంకే చూస్తున్నాడు, గేరు ఎలా మారుస్తుందో అని. మూడో గేరు కాస్త గీరుకుంది. ఆయన మొహం చిట్లించాడు. ఆవిడకి ఒళ్ళు మండింది. "వంకలు పెట్టకండి. నేర్చుకుని నెలే అయింది" అంది. అలా గసిరి ఎన్నాళ్ళయిందో! జబ్బుమనిషని ఇన్నాళ్ళూ పల్లెత్తు మాటనకుండా మెత్తగా మాట్లాడి మాట్లాడి ఆవిడకి ఆ మెత్తదనమే విసుగు పుట్టింది.

బ్యారేజీ దిగి ఉండవల్లి వైపు తిరిగారు. అక్కడ రోడ్డు కాలవ అంచుదాకా వెళ్ళి ఒక్కసారిగా వంపు తిరుగుతుంది. వానాకాలం, కాలవ గట్టంచుదాకా నిండి పరుగులు తీస్తోంది. నాగమల్లేశ్వరి గేరు తగ్గించింది. పదకొండేళ్ళూ ఇలాంటి చోటే అరిచింది తను. ఇప్పుడు అరవడానికి లేదు, స్టీరింగు తన చేతుల్లోనే ఉంది. పెదవి బిగించి బ్రేకు మీద కాలు పెట్టింది.

ఎడంపక్క నుంచి కమ్మీ కిర్రుమంది. వెంకటప్పయ్య ఎడంచేత్తో దాన్ని బిగించి పట్టుకున్నాడు. కుడికాలు ముందుకు చాచి, లేని బ్రేకుని నేలకేసి తొక్కుతున్నాడు. బొటనవేలు కాదు, పాదం కాదు, మొత్తం కాలు. నోరు వంకర తిరిగి, మెడనరాలు తేలి, లోపల ఇరుక్కున్న దాన్ని లాగుతున్నట్టు ఒక పెనుగులాట.

"కా... కా... కాలవే! కాలవ!"

వెనక శౌరమ్మ "యేసయ్యా" అంది. హుమాయూన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నాగమల్లేశ్వరి కళ్ళు మసకబారాయి. రోడ్డు కనబడాలి కాబట్టి, ఆయన్ని చూడాలని ప్రాణం కొట్టుకుంటున్నా తల తిప్పలేదు. బండిని మలుపు తిప్పుతూ, అమ్మవారి పటం కింద ఎర్రబల్బు వెలుగుతుండగా, పదకొండేళ్ళు తను విన్న మాటని ఆయనకి తిరిగి చెప్పింది.

"కాలవ కాదండీ, నీళ్ళు. నీళ్ళు మననేం చేస్తాయి?"